గొంతుక్కూచున్న మనిషి

తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది ఇటు చూస్తుంటారు,
ఒక్కడే అటు.
ఆ ఒక్కడి వెనక నిలబడే ఉద్యోగం నాది.
ఇరవై రెండేళ్ల అంపైర్‌గిరీలో
ముఖాలకంటే మెడలే ఎక్కువ చూశాను.

యూలిసెర్ మార్కానో మెడ మీద
నెలవంకలా కాలిన మచ్చ ఉండేది.
ఎలా అని అడగలేదు.
మా మాటలన్నీ బంతికీ బంతికీ నడుమ దొరికిన సందులోనే.
అతను తల తిప్పడు.
క్యాచర్ వెనక్కి తిరిగి మాట్లాడితే
జనం గొడవనుకుంటారు.

అలా ముక్కలుగా విన్నాను:
వెనిజులా కొసన అరాయా.
చుట్టూ సముద్రం, మధ్యలో ఉప్పు.
ఏడేళ్లప్పుడు తల్లికెదురుగా గొంతుక్కూచుని
ఆల్చిప్పలు విప్పడం, బకెట్టుకింత అని కూలి.
కత్తి జారి వేలు తెగితే ఆ తల్లి, ఒమైరా,
చెయ్యి ఉప్పునీళ్లలో ముంచి
"ఊఁ, ఇంకో బకెట్టు" అనేదట.

మధ్యలో ఒక ఫౌల్.
కొత్త బంతికి చెయ్యి వెనక్కి చాపుతాడు, ఇస్తాను.

మొదటి ముసుగు, పాడైన టేబుల్ ఫ్యాను జాలీ.
ఛాతీకి కట్టుకున్నది పడవ సీటులోని స్పాంజి.
ఉప్పు పెచ్చులు కట్టిన నేల మీద
బంతి ఎటు లేస్తుందో బంతికే తెలీదు,
ఒళ్లు అడ్డం పెట్టడమే.
పదహారో ఏట ఎవరో స్టాప్‌వాచీతో వచ్చి
సెకండ్ బేస్‌కి అతని విసురు కొలిచి
సంతకం పెట్టించుకున్నారు.
ఆ డబ్బుతో ఇంటికి ఫ్రిజ్ వచ్చింది.
కరెంటు మాత్రం దానిష్టం.

ఆ తర్వాత పదిహేనేళ్లు బస్సులు,
ఇంకొకడు ఆడబోయే ఆటకి
పిచర్ల భుజాలు వేడెక్కించి పంపడం.

ముప్ఫై ఒకటో ఏట, ఏప్రిల్లో,
సరస్సు మీంచి మంచు ఈడ్చి కొడుతున్న రాత్రి
బ్రాండ్‌వోల్డ్ బొటనవేలు విరిగింది.
బెంచీ మీద మిగిలినవాడు ఇతనే.

ఆ ఏడు నూట ముప్ఫై నాలుగు ఆటలు,
ఇరవై ఆరు హోమ్‌రన్లు.
అంతకుముందు జీవితం మొత్తానికీ నాలుగు.
పత్రికలు అంకెలు రాశాయి, కాదనను.
నేనతని వెనక నిలబడ్డది ఆరుసార్లే,
చూసింది వేరు.

అంగుళం బయటికి పోయే బంతిని
చిప్పలోంచి మాంసం చెదరకుండా తీసినట్టు
మణికట్టుతో లోపలికి తెచ్చేవాడు.
నా చెయ్యి దానంతటదే లేచేది.
రాత్రి హోటల్లో వీడియో చూసుకుని సిగ్గుపడేవాణ్ని.
"ఎన్ని కాజేశావు నా దగ్గర?" అన్నానొకసారి.
"తమరు ఇచ్చినవే తీసుకున్నా."

జూలైలో ఒక ఫౌల్ నా ముసుగును తాకి
చెవుల్లో గుడిగంటలు.
టైమ్ అడిగి, కుర్ర పిచర్ ఒకెరె దగ్గరికి
పెళ్లినడక నడిచాడు.
ఏదో చెప్పాడు, నవ్వించాడు, లేసులు విప్పి కట్టుకున్నాడు.
నాకు ప్లేటు రెండుగా కాక ఒకటిగా కనబడేదాకా
తిరిగి రాలేదు.
అప్పు అనుకున్నాను దాన్ని.

సెప్టెంబరు ఆఖరి రాత్రి.
మూడు బేస్‌లూ నిండి, స్కోరు సమానం,
మూడు బాల్స్, రెండు స్ట్రైకులు.
బంతి అంగుళం బయటికి.
ఎప్పటిలాగే తెచ్చాడు, ఎప్పటికన్నా అందంగా.

నా చెయ్యి లేవలేదు.

గెలిచే పరుగు నడుచుకుంటూ వచ్చింది.
స్టేడియం నన్ను తిట్టిన తిట్లు
మా అమ్మ వినకపోవడం అదృష్టం.
అతను తల తిప్పలేదు.
కూచున్నవాడు కూచున్నట్టే ఉండి,
"బయటే" అన్నాడు, నాకు మాత్రమే వినబడేట్టు.
లేస్తుంటే మోకాళ్లు
ఎండుకొమ్మల్లా విరిగిన చప్పుడు.
కొత్త బంతికి చెయ్యి చాపలేదు.

మరుసటేడు ఆ మోకాళ్లు ఇక వంగవని
ఫస్ట్ బేస్‌లో నిలబెట్టారు.
ఎనిమిదిమందిలో ఒకడై, ఇటు చూస్తూ.
ఎవరీ కొత్త కుర్రాడు అనుకున్నాను,
ఒక ఇన్నింగ్స్ పట్టింది పోల్చుకోవడానికి.

మచ్చ సంగతి ఇప్పటికీ అడగలేదు.