పేక మర్లే చోటు

కొత్తవాడ సొసైటీ గోదాంల
నూట పన్నెండు జంపఖానాలు
చుట్టినవి చుట్టినట్టే ఉన్నయి.
కట్టల మీద అడ్రసు రంగు ఆరకముందే
సుంకం పెరిగిందని ఫోనొచ్చింది.
అవతలి దేశంల అత్యవసరమట.

ఎమర్జెన్సీ అంటే నాకు
ఎంజీఎం గేటు కాడ ఎర్ర బోర్డు.
అక్కడ గూడ నాడి పట్టి చూసినంకనే
లోపలికి తోలుతరు.
ఆ అధ్యక్షునికేమో సంతకం జాలు,
నాడి చూసేటోడు లేడు.

రాజీరు మగ్గం ఏడు నెలలు మూతబడ్డది.
పంజా పట్టిన చెయ్యి
హన్మకొండల ఏదో అపార్ట్‌మెంట్ కాడ
వాచ్‌మన్ కట్టె పట్టింది.

మొన్న నైట్ డ్యూటీ దిగి సక్కగ ఆఫీసుకొచ్చి
పేపరు బల్ల మీద పరిచిండు.
"సారూ, కోర్టు కొట్టేసిందట!
పన్నేసుడు సభ పనట.
ఆపదని పేరు పెట్టి
ఒక్కడే ఎయ్యరాదట."

నేను చట్టం ముక్క చదివి చెప్పబోయిన.
ఇనలె. ఖాళీ మగ్గం దిక్కు చెయ్యి చూపిచ్చిండు.
"పడుగు ముందు బిగిస్తం.
పేక ఎంత ఉరికినా
అంచు కాడ మర్లాలె.
మర్లకుంటె అది బట్ట గాదు,
చిక్కు."

సరే రాజీరూ,
మరి మా బిల్లుల కోసుకున్న పైసలు?
నీ ఏడు నెలల కూలి?
తీర్పుల ఆ మాట ఏ పేజీల ఉన్నదో
నాకైతె దొరకలె.

గోదాం తాళం తీసిన.
అడుగు కట్టకు చెద పట్టింది.
దులిపి, పాత ధర కొట్టేసి,
కొత్త ధర
పెన్సిల్‌తోనే రాసిన.