బతికున్నట్టు కాగితం

గరివిడి గేటు దాటగానే
ఎడమ చేతికి మూడో కొట్టు నాది.
జెరాక్సు, లామినేషను, కరెంటు బిల్లు,
నవంబరు వస్తే పింఛనుదార్లకి
బతికున్నట్టు కాగితం.

గిరాకీ లేని మధ్యాహ్నాలు
నేను అంగారకుడి మీద ఉంటాను.
ఆరు చక్రాల బండి ఒకటి అక్కడ
ఆగి, ఆగి, మెడ తిప్పి చూసిందంతా
రోజూ కిందికి పంపుతుంది.
దిద్దని ఫొటోలు. కొన్నిట్లో సగం నలుపు, ఇంకా రానిది.
ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టుండే రాళ్ళు.

కర్రోతు గవరమ్మ వచ్చింది.
గర్భాం గనిలో ముప్పై రెండేళ్ళు
నల్లరాయీ మట్టిరాయీ వేరుచేసిన మనిషి.
బొటనవేలు పెట్టింది. యంత్రం ఎర్రగా మెరిసి
మళ్ళీ ప్రయత్నించండి, అంది.
చూపుడువేలు. మళ్ళీ.
తడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె రాసి
ఉంగరంవేలు. మళ్ళీ.
దీపానికి ఎదురుగా పట్టి చూశాను.
గీతల్లేవు. ఏటి అడుగు గులకరాళ్ళలా
నున్నగా, చల్లగా
ఎవరివో తెలియని పది వేళ్ళు.

"ఏటంతాది బాబూ?"
"నువ్వు బతికున్నట్టు నమ్మకం కుదరట్లేదంట."
"నాకూ ఒక్కోపాలి కుదరదు," అని నవ్వి
బల్ల మీదికి వంగింది.
"ఇదేటి, మా గర్భాం గని
నీ కాడికెలా వచ్చినాది?"

కాదన్నాను. ఆకాశంలో అన్నాను.
కొన్ని నెలలు పొద్దుగూకాక ఎర్రగా కనపడుతుందే, అది.
వినలేదు. ఆ నున్నటి వేలితో
తెర మీద ఒక్కో రాయినీ తడుముతోంది.
"ఇది ఉత్త మట్టి.
ఇది గుల్ల, సుత్తి తగిల్తే పొడైపోతాది.
ఇదిగో, ఇది సూడు, నల్లగా పొర కట్టినాది,
ఇదీ సరుకంటే.
దీన్నొగ్గీసి పోనాడేటి నీ బండోడు?"

నిరుడెప్పుడో చదివాను,
అలాంటి ఓ నలుపుని బండి లేజరుతో కాల్చి
మాంగనీసేనని తేల్చారని,
నీళ్ళు లేనిదే అది అలా పేరుకోదని
కట్టలు కట్టలు రాసుకున్నారని.
ఈమెకి అంతసేపు పట్టలేదు.

"ఈడ గెడ్డ పారినాది బాబూ.
అల్లదిగో, పలక మీద పలక,
వండ్రు దిగి దిగి పడ్డాది.
మా పాత గోతిలో
పంపులాపీసినాక ఇలాగే..."
ఆగింది.
ఆ గోతిలో ఏది మునిగిందో, ఎవరు మునిగారో
చెప్పలేదు. నేనడగలేదు.

"మనుసులున్నారా?"
లేరు. మనుషులు కాకపోయినా
ఒకప్పుడు ఏదో బతికిన గుర్తు, ఆవగింజంత,
దానికోసమే ఈ తిరుగుడు.
"దొరికినాదా?"
మళ్ళీ ప్రయత్నిస్తున్నారు.

అక్కడి రోజు మనదానికంటే
నలభై నిమిషాలు పెద్దదంటే
"మరి ఆ నలబైకీ కూలి కడతారా?" అంది.
పొద్దు నీలంగా కుంకుతుందంటే నమ్మలేదు.
ఫొటో తీసి చూపించాను.
బట్టల నీలం కలిపిన బకెట్లో
తేలుతున్న పావలా బిళ్ళ.
చాలాసేపు చూసింది.

చక్రం ఫొటో కూడా చూపించాను.
అల్యూమినియం చక్రం,
రాళ్ళు పొడిచి పొడిచి పడ్డ చిల్లులు,
చిల్లుల్లోంచి ఎర్రమట్టి.
తన అరచేతులు తిప్పి చూసుకుంది,
ఆ పైన ఒళ్ళో పెట్టేసుకుంది.

నాలుగున్నరకి
ఎడమచేతి చిటికెనవేలు పలికింది.
యంత్రం ఆకుపచ్చగా వెలిగింది.
చిన్నప్పుడు విరిగి వంకరపోయిందట,
రాయి ఏరినన్నాళ్ళూ
ఆ వేలొక్కటీ పైకెత్తుకునే ఉండేదట.

కాగితం తీసి ఇచ్చాను. పది రూపాయలు.
"ఆ రాళ్ళ బొమ్మా ఒకటి తియ్యి."
రంగు సిరా అయిపోయి వారమైంది.
నలుపులోనే వస్తుంది, ఎరుపు రాదన్నాను.
"ఎరుపు నానెరుగుదునులే."
రెండు కాగితాలూ కలిపి మడిచి
రవికలో దోపుకుని
గేటు పడకముందే పట్టాలు దాటింది.

బొమ్మకి రెండు రూపాయలు
రేపిస్తానంది.