ఎడారిలో వాన

పొదలకూరులో నిమ్మకాయల మండీ వెనక
శ్రీ పెంచలకోన వీడియో లైబ్రరీ.
ఏ కేసెట్ డబ్బా తెరిచినా నిమ్మ వాసనే కొట్టేది,
దెయ్యాల సినిమాకైనా భక్తి సినిమాకైనా.

హజరత్తయ్య మామ గల్లాపెట్టె పక్కన
పిల్లోళ్ళ అర ఒకటి.
అందులో కేసెట్లు నాలుగు.
తుపాను ఏట మూడింటికి బూజు పట్టింది.
మిగిలింది తాబేలుది.

పెద్దోళ్ళ సినిమా ఒకటుండేదంట, యాడో తెల్లోళ్ళ దేశంలో.
ఎడారిలో ఇద్దరు సిపాయిలు,
దాహం, ఇసక, చావు.
జనం కర్చీఫులు తడిపి ఇళ్ళకు పొయ్యారంట.
దానికి ఎగతాళిగా బొమ్మలోళ్ళు
సిపాయిల బదులు
తాబేలునీ కప్పనీ పెట్టి తీశారు.

మాకదేం తెలుసు.
మాకు తాబేలే అసలు.

ఆదివారం, ఐదు రూపాయల బాడుగ,
పదకొండు మందిమి జిలానీ వాళ్ళింట్లో చాప మీద.
టీవీ మాట్లాడేది ఇంగ్లీషు.
డెక్కు మోసుకొచ్చిన మామ
ఊరికే కూర్చోలేక, శబ్దం తగ్గించి, తనే మాట్లాడేవాడు.
తాబేలుకి నెల్లూరు బస్టాండులో టీ అమ్మేవాడి గొంతు,
కప్పకి మా హెడ్మాస్టరు గొంతు, కొంచెం జలుబుతో.
“ఇంకెంత దూరం రా అబ్బయా?”
“అదో, ఆ మిట్ట దాటితే చేజర్ల.”
మిట్ట దాటితే ఇంకో మిట్ట.

కప్ప తాబేలు ఒళ్ళో తల పెట్టి చచ్చిపోతుంది.
వయొలిన్లు ఏడుస్తాయి.
తాబేలు టోపీ తీస్తుంది.
అప్పుడు కప్ప
ఒక కన్ను తెరిచి
“సోడా తెచ్చినావా?” అంటుంది.

మళ్ళీ వెయ్ మామా.
మళ్ళీ.

ఆ ఒక్క చోటే తిప్పీ తిప్పీ రీలు అరిగిపోయింది.
తెల్ల గీతలు పడ్డాయి, ముందు సన్నగా, తర్వాత జోరుగా.
“చూడండ్రా, ఎడారిలో వాన” అన్నాడు మామ.
నిమ్మ చెట్లకి ట్యాంకర్లతో నీళ్ళు తోలిన ఏడు అది.
కామాక్షి వాళ్ళ నాయన మూడు బోర్లు వేసి
మూడింట్లోనూ దుమ్మే చూశాడు.
మా తాబేలు మాత్రం తడిసి ముద్దయ్యేది.

నెల్లూరులో కాలేజీ చదివేటప్పుడు
అసలు సినిమా చూశాను.
సిపాయి సిపాయి ఒళ్ళో చచ్చిపోయాడు.
హాలంతా ముక్కులు చీదుతా ఉంటే
నేనొక్కదాన్నే నవ్వు బిగబట్టుకొని కూర్చున్నా,
కన్ను తెరుస్తాడని.
తెరవలా.
పేర్లు పడ్డాయి. లైట్లు వేశారు. ఊడ్చే ఆమె వచ్చింది.
అంత మోసం నన్నెవరూ చెయ్యలేదు.

మొన్న జిలానీ దగ్గర్నించి పార్సిలు.
పాత బొమ్మలన్నీ కలిపి డిస్కులు వేశారంట,
అట్ట మీద బంగారు అక్షరాలు,
లోపల చిన్న పుస్తకం,
ఏ సీను ఏ సినిమాకి వెక్కిరింతో వరసగా.
ఐదు భాషలున్నాయి, మీట నొక్కితే మారతాయి.
కప్పకి జలుబు మాత్రం ఏ భాషలోనూ లేదు.

పుస్తకం మధ్యలో జిలానీ చీటీ:
మామకి గొంతు ఆపరేషనైంది, మాట లేదు.
పలక మీద రాసి చూపిస్తాడు.
ఈ డిస్కు ముందు ఆయనకే వేశాను.
కప్ప చచ్చిపోయే కాడ పలక తుడిచి రాశాడు,
వాన ఏదిరా, అని.

రాత్రి నేనూ వేశాను.
ఎంత శుభ్రంగా ఉందో ఎడారి.
ఇసక రేణువు రేణువూ లెక్కపెట్టొచ్చు.
తాబేలు చిప్ప మీద
ఎవరో బొమ్మలాయన కుంచె జారిన మరక,
ఇన్నేళ్ళూ మా గీతల చాటున దాక్కున్నది, బయటపడింది.
మొదటిసారి అనిపించింది,
దీనికి నిజంగానే దాహమేమోనని.

కప్ప చచ్చిపోయింది. వయొలిన్లు. టోపీ.
శబ్దం తగ్గించి,
గొంతులోకి కొంచెం జలుబు తెచ్చుకునేలోపే
కన్ను తెరిచి మూసేసింది.

వెనక్కి తిప్పాను.
ఇంకోసారి తిప్పాను.
తెల్లారి పాలవాడు బెల్లు కొట్టేదాకా
అక్కడే తిప్పుతా ఉన్నా,
ఒక్క గీతన్నా పడుతుందేమోనని.