ముప్పై ఒకటో తారీకు నీటిమట్టం

మాధవాయిపాలెం రేవులో పంటు దిగే చెక్క
ఒక పూట ఎత్తుగా ఉంటుంది, ఒక పూట పల్లంగా.
సముద్రం పక్కనే కదా,
వశిష్ఠ రోజుకి రెండుసార్లు మాట మారుస్తుంది.
ఎస్తేరమ్మ నెత్తి మీద లేసు మూటతో
కిందికి చూడకుండానే అడుగేస్తుంది.
మూటలో నాలుగొందల ముక్కలు,
వాటి వెనక సఖినేటిపల్లి అరుగుల మీద
వంగిపోయిన మెడలు.

నేను లెక్కలు రాసేవాణ్ణి.
కిందికి చూడకపోతే కుదరని పని నాది.

ఫిబ్రవరి తొమ్మిదిన సరుకు ఓడెక్కింది.
ఐదు వేల ముక్కలు. హాంబర్గు వాళ్ల పేర ఇరవై వేల యూరోల బిల్లు.
ఆ రోజు యూరో తొంభై రూపాయలు.
పద్దెనిమిది లక్షలని రాసి గీత గీశాను.
గీశానే గానీ, డబ్బు ఇంకా నీళ్ల మీదే ఉంది.

"సగానికైనా గట్టు వేద్దామండీ" అన్నాను జోగారావు గారితో.
పాలకొల్లు బ్యాంకులో సంతకం పెట్టించాను.
మే నెలాఖరుకి పదివేల యూరోలు,
తొంభై రూపాయల డెబ్భై ఐదు పైసల చొప్పున ఖాయం.
రేటు మిద్దెక్కినా అంతే, మడుగులో దిగినా అంతే.
"మరి మిగతా సగం?" అన్నాడు మేనేజరు.
"గోదారమ్మ చూసుకుంటుంది" అని నవ్వారీయన.

మార్చి ముప్పై ఒకటి.
ఆ పొద్దుకి రేటెంతుంటే అంతకే తిరగరాయాలి.
లాకుల దగ్గర లస్కరు
కొలబద్ద మీద తడి ఎంతవరకుందో చూసి
పుస్తకంలో ఎక్కించినట్టు
తొంభై ఒకటి ఇరవై అని ఎక్కించాను.
ఇరవై నాలుగు వేలు లాభం.
చేతికి రాని లాభం, ఎవరి కంచంలోనూ పడని లాభం.
దాని కిందే, గట్టు తాలూకు పన్నెండు వేలు నష్టం.
జోగారావు గారి వేలు రెండో అంకె మీదే ఆగింది.
"నీ గట్టే లేకపోతే ఈ పన్నెండూ మనకి మిగిలేవేగా?"

వరద రాని ఏడాది
ఏ గట్టయినా దండగమారి మట్టికుప్పే.
ఆ మాట పైకి అనలేదు. నెల జీతగాణ్ణి.

మే ఇరవై ఎనిమిదిన డబ్బు దిగింది.
యూరో ఎనభై ఎనిమిదిన్నర.
బిల్లు రాసిన నాటికీ ఈనాటికీ
ముప్పై వేలు గోదాట్లో.
గట్టు ఇరవై రెండు వేల ఐదొందలు ఆపింది.
ఏడు వేల ఐదొందలు గండిలోంచి పోయింది.
జమాఖర్చు పైసాతో సహా కుదిరింది.
ఆ రాత్రి బాగా నిద్రపట్టింది కూడా.

మర్నాడు పిలిచి
ముక్కకి రూపాయిన్నర తగ్గించమన్నారు.
మార్కెట్టు అలా ఉందని చెప్పమన్నారు.
ఐదు వేల ముక్కలు.
ఎవరూ అడక్కుండానే గుణించుకున్నాను,
అలవాటు.

ఎస్తేరమ్మ బల్ల ముందు నిలబడింది.
"యూరో అంటే ఏంటి బాబూ?"
"జర్మనీ వాళ్ల రూపాయి."
"అది తగ్గడమేనా, పెరగదా?"
"పెరుగుతుంది. మార్చిలో పెరిగింది."
"అప్పుడు మాకు కబురు రాలేదే!"

మూటలోంచి ఒక ముక్క తీసింది. వరస తప్పింది.
కొస పట్టుకుని లాగితే సరసరా ఊడొచ్చి
దారం మళ్లీ దారమైంది.
నా పుస్తకంలో అలా కుదరదు.
తప్పు తప్పుగానే ఉంటుంది,
కింద ఎదురు పద్దు రాస్తాం, అంతే.

ఆవిడకి ఖాతా లేదు.
కూలీ అన్న వరసలో ఎక్కడో కలిసి ఉంటుంది,
ఏ మార్చి నెలాఖరుకీ
తిరగరాయనక్కర్లేని అంకెగా.

పాటు మొదలైంది. పంటు కూత వేసింది.
కొత్త బిల్లు బల్ల మీదుంది,
బ్యాంకు వాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు.
పేజీ అంచున పెన్సిలుతో రాశాను:
ఎస్తేరమ్మ, ఏ తేదీ రేటు?

ఆడిటరు వచ్చేలోగా చెరపాలి.