క్షమాపణ తువ్వాళ్లు

పని మొదలవడానికి పది రోజుల ముందు
తలుపు తలుపుకీ తిరిగి
ఒక తెల్ల తువ్వాలు, ఒక కాగితం, వంచిన నడుము
ఇచ్చి వచ్చాను.
కాగితంలో ఉన్నదింతే:
రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము ఐదు దాకా
మురుగు పైపు మార్పిడి. మీ నిద్రకు భంగం. మన్నించండి.
అడుగున నా ఫోను నంబరు, కురతా అని పేరు.
తువ్వాలు మాత్రం మంచి నూలుది.

పగలెందుకు తవ్వరని అందరూ అడిగారు.
ఒసాకా దక్షిణాన, రేవు వైపు పోయే ఈ సందులోంచి
పగలు బస్సు పోతుంది
చేపల లారీలు పోతాయి, పసుపు టోపీల బడిపిల్లలు పోతారు.
రాత్రి పోయేది నిద్ర ఒక్కటే.
దానికి హారన్ లేదు.

కంచెకి వేలాడే పెట్టెలో ఎర్ర అంకెలు:
రంపం తారు మీద వాలితే ఎనభై రెండు
దుప్పట్లు చుట్టిన జనరేటర్ యాభై తొమ్మిది
మినెగిషి దగ్గితే అరవై నాలుగు.
లారీ వెనక్కొస్తూ పెట్టే కూత మాన్పించాను.
ఇప్పుడు మినెగిషి ఎర్రదీపం కర్ర ఊపుతూ
పెదవి విప్పకుండా దాన్ని పిలుస్తాడు,
నిద్రపోతున్న ఏనుగుని పక్కకు జరిపినట్టు.
పారని పడేయకండి, పెట్టండి
పెట్టండి, పడేయకండి అని
చెప్పీ చెప్పీ నా గొంతే డెబ్బై దాటింది.

మొదటి రాత్రి పదకొండు ఫోన్లు.
రెండో అంతస్తు హమగుచి గారు తిట్టలేదు.
ఫోనుని కిటికీ బయటికి చాపి
నా పని నాకే వినిపించారు.
రెండు నిమిషాలు.
నేను కంచె దగ్గరే నిలబడి
రెండు చెవులతోనూ విన్నాను.

టోఫు కొట్టు తొకుమారు రెండింటికి లేవాలి
ఏడింటికే పక్కెక్కుతాడు.
కోత పని అతని గుమ్మం ముందు నుంచి తీసి
రాత్రి రెండు దాటాక పెట్టాను.
అప్పుడు ఎదురింటి పసివాడు లేచాడు.
మూలింటి సుయెనో, వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ,
పగలే తన రాత్రి.
"రాత్రే తవ్వండి, బాగా తవ్వండి" అంది
"ఇన్నేళ్లకి నా టైము చూసి పని పెట్టినవాళ్లు మీరే."
నాకు తెలిసొచ్చింది,
నేను చప్పుడు తగ్గించడం లేదు
ఒక దిండు మీంచి ఇంకో దిండు మీదికి
జరుపుతున్నాను.

నాలుగో రోజు పొద్దున తల ఎత్తి చూస్తే
ఎనిమిది కిటికీ సందుల్లో
చుట్టచుట్టి కుక్కిన తెల్ల తువ్వాళ్లు.
మా క్షమాపణ ఎందుకు పనికొస్తుందో
వాళ్లే కనుక్కున్నారు.

కాగితంలో రాయనిది ఒకటుంది.
పాత మట్టి పైపు పగిలిన చోట
ఏళ్ల తరబడి ఇసుక జారి జారి
తారు కింద బోలు.
లోపలికి పంపిన కెమెరా చూపించింది:
రోడ్డు ఒక అప్పడంలా నిలబడి ఉంది,
దాని మీద బస్సు, చేపలు, పసుపు టోపీలు.
రాయమంటారా? అని అడిగితే
ఆఫీసులో ఎవరూ తల ఎత్తలేదు.
అలాంటి మాటలు నిద్ర చెడగొడతాయి.
మీటరు మీద మాత్రం పడవు.

ఇరవై మూడో రాత్రి, మూడున్నర.
చివరి మూత బిగించారు. ఇనుము మీద ఇనుము
మెల్లగా, పాపని పడుకోబెట్టినట్టు.
జనరేటర్ ఆపించాను.
వీధంతా చెవి ఒగ్గి ఉంది,
చీమ చిటుక్కుమంటే నేనే ఫోను చేసేదాన్ని.
అప్పుడు రెండో అంతస్తులో దీపం వెలిగింది.
బల్ల మీద గాజుగ్లాసు పెట్టిన చప్పుడు.
ఫ్లష్.
నీళ్లు గోడలోంచి దిగి, మలుపు తిరిగి
నా బూట్ల కిందుగా
కొత్త పైపులో రేవు వైపు వెళ్లిపోయాయి.

మీటరు చూశాను. ముప్పై ఎనిమిది.
అంకె కదల్లేదు.
హమగుచి గారు కిటికీ సందులోంచి తువ్వాలు లాగి
దులిపి
కమ్మీ మీద ఆరేశారు.