పళ్ళసెట్టు

మహబులాలో నాలుగో అంతస్తు.
జుమా రోజు, మూడు గంటల సెలవు.
ఒక్క గదిలో ఏడుగురం,
ఏసీ కింద బకెట్టు, బకెట్లో చుక్క, చుక్క.
రాయచోటి షంషాద్ టీవీకి ఫోను తగిలించి
"ఈ సినిమా చూడనోళ్ళు ఎవరన్నా ఉండారా భూమ్మీద?" అంది.
నేను చెయ్యెత్తాను,
బళ్ళో తప్పు ఒప్పుకున్నట్టు.

ముప్పై ఎనిమిదేళ్ళు నాకు.
మలికిపురం సెంటర్లో పోస్టరున్న గోడ వచ్చేసరికి
నాన్న అరచెయ్యి నా చెంపకి ఆనేది.
మొహం కాలవ వైపు తిరిగేది.
ఆదివారం బైబిలు పట్టుకునే చెయ్యి అది,
మెత్తగానే తిప్పేది.
సినిమా అంటే నాకు ఆ కాలవే: గుర్రపుడెక్క, బాతులు,
ఎవరిదో ఒంటి చెప్పు.
మైదా జిగురు కోసం పోస్టర్లని ఆవులు నమిలేవి.
మా ఊరి ఆవులకి తెలిసినంత సినిమా కూడా
నాకు తెలీదు.

మొదలైంది.
ఒక ఇల్లు, పదకొండు మంది, ఒకటే స్నానాలగది.
తువ్వాలు భుజాన వేసుకుని వరసలో నిలబడ్డ పెళ్ళికొడుకు.
ఇక్కడా అంతే కదా అనుకునేలోపు
అందరూ నవ్వేశారు.
ఇంకా ఏమీ జరగందే!
జోకు వీధి మలుపు తిరగకముందే
వీళ్ళు ఎదురెళ్ళి కాళ్ళకి నీళ్ళిచ్చేస్తున్నారు.
నా నవ్వు ఎక్కడో వెనకాల వస్తోంది,
చెప్పులు చేత్తో పట్టుకుని, ఆయాసపడుతూ.

అప్పుడు మావగారు తుమ్మారు.
పళ్ళసెట్టు ఎగిరి పులిహోర గంగాళంలో పడింది.
వంద విస్తళ్ళు. వడ్డన మొదలైపోయింది.
"అయ్యయ్యో, ఎవరైనా మింగేస్తే!" అన్నాను, గట్టిగానే.
గది ఒక్క క్షణం ఆగింది.
ఆ తర్వాత ఎవరూ టీవీ చూడలేదు.
పెనగలూరు ఓబులమ్మ గోడకి జారగిలబడి,
షంషాద్ చున్నీ నోట్లో కుక్కుకుని
నన్నే చూస్తున్నారు.
ముప్పైసార్లు చూసిన సినిమాని
నా మొహం మీద మొదటిసారి చూస్తున్నారు.
నాకు కడుపునొప్పి, కళ్ళనీళ్ళు, ఎక్కిళ్ళు.
ఎవరో మంచినీళ్ళిచ్చారు, అవీ పొలమారాయి.
ఐదున్నరకి కింద డ్రైవరు హారన్ కొట్టాడు.
పళ్ళు ఎవరి విస్తట్లో దొరికాయో చెప్పొద్దన్నాను,
వచ్చే జుమాకి దాచుకుంటానని.

రాత్రి పది.
మామా వాళ్ళమ్మని పడుకోబెట్టే వేళ.
ముసలామె నోరు తెరుస్తుంది, నేను పళ్ళు తీసి
బ్రష్షుతో తోమి గాజుగ్లాసులో వేస్తాను.
ఆరేళ్ళు. రెండువేల సార్లు తోమి ఉంటాను.
ఒక్కనాడూ నవ్వు రాలేదు.
ఇవాళ కుళాయి కింద, నా అరచేతిలో
పులిహోర మెతుకొక్కటే తక్కువ వాటికి.

"శినూ?" అంది. ఏమిటే అని.
పులిహోరకి అరబ్బీలో ఏమంటారో నాకు తెలీదు.
తుమ్మి చూపించాను.
పళ్ళని గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాను.
అలాగే చూసింది నన్ను, చాలాసేపు.
అయిపోయింది నా ఇకామా, అనుకున్నాను.
బోసినోరు మెల్లగా విచ్చుకుంది.
చప్పుడు లేదు,
మంచం మాత్రం ఊగుతోంది.

నాన్న ఆదివారం ఫోను చేస్తాడు.
దేని గురించి ప్రార్థన చెయ్యనమ్మా, అంటాడు.
ఈసారి చెప్పాలి:
నువ్వు తిప్పినవైపు కాలవ బాగుండేది నాన్నా,
ఇటువైపు కూడా చూశాను,
పాపం ఏమీ కనపడలేదు.
పళ్ళసెట్టు ఉంది.