ఓత్వం

మడగావ్ రిజిస్ట్రీలో గుమాస్తా
తడి స్పాంజి మీద వేలద్ది
పుట తిప్పాడు.
వెండిపురుగు తిన్నంత మేరా తిని
తాతను మాత్రం వదిలేసింది.

మాకు కాయ్‌తాన్. పుటలో కాయెతానో.
ఆ చివరి ఓత్వం మా వాడలో ఎవరి నోటా పలకలేదు.
ఇద్దరూ ఒకరేనని ప్రమాణపత్రం,
నాలుగువేలు.

బుడతకీచుల జెండాకు తల వంచనన్నందుకు
అగ్వాద కోటలో పద్నాలుగు నెలలు.
చెప్పేవాడు కాదు.
చేపముల్లు తీస్తుంటే
గోరులేని వేలు మేమే చూసేవాళ్ళం.

ఇప్పుడు ఆయన పుట్టుక కావాలి నాకు,
లిస్బన్‌కు చూపడానికి.
అక్కణ్ణుంచి డబ్లిన్,
గిడ్డంగిలో రాత్రి షిఫ్టు.

"నీకేమవుతాడు?" అన్నాడు గుమాస్తా.
తాత, అన్నాను
గొంతు తగ్గించి,
పక్కగదిలో ఆయన పడుకున్నట్టు.